బలసముద్రం కాడ ఆగే బాణం

మా తోడికోడలు పోయిందని ఫోను వచ్చేటప్పటికి నా ఎదురుగా కంప్యూటర్లో ఆమె పనే నడస్తా ఉన్నింది. తుమకూరు ఆస్పత్రి నుంచి మా బావ చేసినాడు. కామెర్లు ముదిరి కాలేయం చెడిందని డాక్టర్లు అంతకు ముందే చెప్పినారు గానీ, ఆమె లేచి ఇంటికి వస్తాదనే మా అందరి ధైర్యం. బావ "మీ అక్క లేదమ్మా" అని మాత్రం చెప్పి పెట్టేసినాడు.

ఫోను చెవి కాడే పెట్టుకోని తెర చూస్తా ఉండిపోయినాను. మౌసు మీద ఎవరి చెయ్యీ లేదు. బాణం గుర్తు తనపాటికి తాను పోయి తిరుమణి పేజీ తెరిచింది, అంకెలు తీసుకున్నింది, షీట్లో పెట్టింది, వల్లూరు పేజీకి పోయింది. అట్ల దానికి నేర్పించి పెట్టింది మా అక్క. నాకు ముందు వచ్చింది ఏడుపు కాదప్పా. ప్రాణం పోయినాక కూడా నా కంటే ముందే పని ముగిస్తా ఉండాదే ఈమె అని కడుపు మండింది. ఏడుపు దాని వెనకాల వచ్చింది.

ఇట్ల రాస్తే మీరేమనుకుంటారో నాకు తెలుసు. పోయినోళ్ళ గురించి నాలుగు మంచి మాటలు రాయాలంటారు. రాస్తాను. ఆమెలో మంచికి కొదవ లేదు, నా బాధంతా అదే గదా. తోడికోడలంటే ఏందో తోడికోడలు ఉన్నోళ్ళకే తెలుస్తాది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందంట వెనకటికి ఒకామె. ఆ సామెత పుట్టించినోళ్ళు మా వల్లూరికి వచ్చి, మా ఇంట్లో రెండు దినాలు ఉండి పోయినోళ్ళే అయ్యుండాల.

నేను ఆ ఇంటికి చిన్న కోడలుగా వచ్చేటప్పటికే ఆమె పాతుకోని ఉన్నింది. ఉప్పు డబ్బా యాడుండాదో, మామకు రాగిముద్ద ఎంత గట్టిగా ఉండాలో, అత్త ఏ మాటకు కరుగుతాదో, అన్నీ ఆమెకే తెలుసు. మనిషి నల్లగా, పొట్టిగా, నవ్వితే భుజాలు కదిలేటట్లు నవ్వేది. అందంలో నేనే మేలు. ఈ మాట ఆమే చెప్పేది, వచ్చినోళ్ళందరి ముందరా: "మా చిన్నామె ఎట్లుండాదో చూడండి, దీపం పెట్టినట్టు." అంతటితో ఆమె మంచిదైపోయేది, నేను ఊరికే అందంగా ఉన్నదాన్ని అయిపోయేదాన్ని.

ఒక గుణం మాత్రం చెప్పి తీరాల. చేసిన పనే మళ్ళీ చేయాలంటే ఆమెకు ప్రాణం మీదికి వచ్చేది. మా ఇంటి వెనక గొర్రెల దొడ్డి ఉండాది. నేను కాపురానికి వచ్చిన కాణ్ణుంచి దినామూ పొద్దున్నే లేచి, ఇల్లు చుట్టుకోని పోయి, ఆ దొడ్డి తడిక తీసేది నా పని. ఎండలో, వానలో, బురదలో తీసినాను. ఒక్కరూ ఒక్క మాట అనలే. ఒక దినం నాకు జ్వరమొస్తే ఆ పని ఆమె మీద పడింది. రెండో దినానికే తడికకు తాడు కట్టి, వంటింటి కిటికీలోంచి లోపలికి లాక్కోని, పొయ్యి ముందర కూర్చోనే లాగింది. తడిక తెరుచుకున్నింది, గొర్రెలు వాటంతట అవే బయటికి పోయినాయి. మామ నవ్వి నవ్వి దగ్గి, వీధిలో వాళ్ళందరినీ పిలిచి చూపించినాడు. జ్వరంతో పండుకోని ఆ నవ్వులన్నీ విన్నాను. అన్నేండ్లు కాళ్ళు అరిగేటట్లు తిరిగింది నేను, పేరు తాడు కట్టినామెకు.

"ఒకసారి బుద్ధి పెట్టి చెయ్యి మ్మే, తర్వాత అదే చేసుకుంటాది" అనేది నన్ను చూసి. ఇంకో మాట కూడా ఉన్నింది ఆమెకు. నేను గిన్నెలు రుద్దిందే రుద్దతా ఉంటే, "చేతులు అరిగిపోతే ఎవురూ వచ్చి వెన్న పూయరు మ్మే" అని. వినేదానికి బాగుంటాయి ఇవి. దినామూ వినాల్సి వస్తే ఎట్లుంటాదో అడగండి.

మా చెనక్కాయ చేను సోలారు కంపెనీకి ఇచ్చేసినాక ఇంట్లో ఆడోళ్ళకు పని లేకపోయింది. కలుపు లేదు, కాయ వలిచేది లేదు. ఇద్దరమూ ప్యానెళ్ళు కడిగే పనికి చేరినాము. ఎప్పుడో మా చేను ఉన్న చోటే, ఆ గాజు పలకల వరసల మధ్య, ట్యాంకరు నీళ్ళతో. తర్వాత ఆఫీసులో కంప్యూటరు తెలిసినోళ్ళు కావాలన్నారు. ఇద్దరమూ పెండ్లికి ముందు పి.యు.సి. అయినాక కొన్నాళ్ళు కంప్యూటరు నేర్చుకున్నోళ్ళమే. మేనేజరు సారు కన్నడాయన, తెలుగు బాగా అర్థమవుతాది. ఇద్దరికీ ఒకే కాగితం ఇచ్చి టైపు చేయమన్నాడు. నా వేళ్ళు పరిగెత్తినాయి. ఆమె ఇంకా సగంలో ఉండంగానే నేను లేచి నిలబడినాను. "చిన్నామె చెయ్యి శానా స్పీడు" అన్నాడు సారు. ఇద్దరికీ పని ఇచ్చినాడు గానీ, ఆ మాట మాత్రం నాదే. ఇంటికి పోయేదాకా, పోయినాక కూడా, ఆ మాటను నోట్లో బెల్లం ముక్క మాదిరి పెట్టుకోని ఉంటిని. ఆ ఇంట్లో ఆమె కంటే నేను మేలని ఒకరు చెప్పిన మొదటి మాట అది.

ఆఫీసులో మా పని ఏందంటే, పొద్దున్నే నిన్న ఏ ఊరి బ్లాకులో ఎంత కరెంటు పుట్టిందో చూసి, ఒక్కొక్క ఊరి పేజీ తెరిచి, అంకెలు తీసి షీట్లో పెట్టి, బెంగళూరుకు మెయిలు పంపాల. తిరుమణి, వల్లూరు, బలసముద్రం, ఇట్ల ఒక్కో ఊరు. దినామూ అదే పని, అదే వరస. నాకు ఆ పనంటే ఇష్టంగా ఉన్నింది. నా వేళ్ళ కింద అది చకచకా కరిగిపోయేది, సారు నా వెనకాల నిలబడి చూసి పోయేవాడు.

అప్పుడొచ్చింది ఆ రికార్డరు. ఒక ఇంజనీరు పిల్లోడు వచ్చి అందరికీ చూపించినాడు. ఎర్ర బటను నొక్కి నువ్వు పని చేసుకుంటా పోతే, బాణం ఎటు పోయిందో, ఏ అక్షరం కొట్టినావో, యాడ ఎంత సేపు ఆగినావో అన్నీ అది పట్టుకుంటాది. ఆపేసినాక, ఇంకోసారి నడిపిస్తే నువ్వు చేసిందంతా చేసినట్టే అది చేసి పెడతాది. దాన్ని మాక్రో అంటారని చెప్పినాడు. నేను మూతి తిప్పుకున్నాను. అది తెరుచుకునే లోపల నా పని అయిపోతాదప్పా, నాకెందుకు అన్నాను. మా అక్క మాత్రం కుర్చీ ముందుకు జరుపుకోని ఆ పిల్లోణ్ణి అడిగిందే అడిగింది. తడికకు తాడు కట్టిన కళ్ళు గదా అవి.

మొదటిసారి ఆమె చేసిన మాక్రో సరిగ్గా నడవలేదని మీకు సంతోషంగా చెప్తా ఉండాను. పేజీ కొంచెం పక్కకు జరిగితే చాలు, బాణానికి ఆ సంగతి తెలీదు, పాత చోటే పోయి నొక్కతాది. ఒక దినం ఎవరో పేజీని చిన్నది చేసి పెట్టినారు. మాక్రో పోయి అంకెలన్నీ మెయిల్లో, కింద మా సారు పేరు ఉండాల్సిన చోట కొట్టి, బెంగళూరుకు పంపించేసింది. సారుకు ఫోన్ల మీద ఫోన్లు. ఆ దినం నాకు పండగే. ఇంటికి పోయి పాయసం చేసినాను, ఎందుకని ఎవరూ అడగలే.

మరుసటి దినం ఆమె ఏం చేసిందో తెలుసునా? నొసటి మీది స్టిక్కరు తీసి, కంప్యూటరు తెర మీద ఒక మూల అతికించింది. పేజీ మూల ఆ బొట్టు కిందికి వచ్చేటట్లు పెట్టుకోని నడిపిస్తే తప్పు రాదు. ఇంజనీరు పిల్లోడు చూసి నోరు తెరిచినాడు. సారు ఫోటో తీసి బెంగళూరుకు పంపినాడు. నేను అన్నేండ్లుగా నొసటికి పెట్టుకుంటా ఉండానే ఆ స్టిక్కరు, నాకెందుకు తోచలే? అన్ని ఊర్ల పేజీలూ ఆ బొట్టుకే మొక్కినాయి ఆ దినం నుంచి.

ఇప్పుడు అసలు సంగతి చెప్తాను. సరిగ్గా నడిచిన మాక్రో ఆమె రికార్డు చేసిన దినం నేను అలిగి ఉంటిని. ముందరి దినమే సారు, ఇంక ఈ పని పెద్దామె చూసుకుంటాది, నువ్వు వేరేది చూడు అన్నాడు నాతో. నా వేళ్ళ పని నా కళ్ళ ముందరే తీసి ఆమెకు ఇచ్చినట్టే. కోపంతో ఇంట్లో అన్నం డబ్బా కూడా కట్టుకోకుండా వచ్చినాను. ఆమె బొట్టు సరిచూసుకున్నింది, ఎర్ర బటను నొక్కింది, పని మొదలుపెట్టింది. తిరుమణి అయింది, వల్లూరు అయింది. బలసముద్రం పేజీ తెరిచి, ఎందుకో పక్కకు తిరిగి నా మేజా చూసింది.

"డబ్బా యాడ మ్మే?"

ఆకలి లేదన్నాను. ఆమె మౌసు ఇడిసిపెట్టి, తన డబ్బా తీసి, మూతలో సగానికి పైగా ముద్ద పెట్టి, పక్కన నంజుకునేదానికి ఊరుబిండి వేసి నా ముందరికి నెట్టింది. అంతటితో కూడా ఊరుకోలే. ఒక్క ముద్ద నేను మింగేదాకా నా వైపే చూస్తా కూర్చునింది. మింగినాను. అప్పుడు తిరిగి మౌసు పట్టుకోని మిగిలిన ఊర్లన్నీ ముగించింది. ఆపినాక గుర్తొచ్చింది ఆమెకు, రికార్డు నడస్తానే ఉండాదని. నడిపించి చూస్తే, బాణం బలసముద్రం కాడికి వచ్చి నిలబడిపోయింది. ఒక ముద్ద తినేంత సేపు అట్లనే నిలబడి, తర్వాత కదిలింది. ఆమె భుజాలు కదిలేటట్లు నవ్వింది.

కత్తిరించేయక్కా అన్నాను. నేను అలిగింది దినామూ అందరి కళ్ళ ముందరా నడస్తా ఉంటే నాకెట్లుంటాది? మళ్ళీ ఒకసారి రికార్డు చేస్తే అయిపోయేది. ఆమె వినలే.

"ఉండనీ మ్మే. ఆ పనిలో నీది కూడా కొంచెం ఉండాల."

ఎగతాళి అనుకున్నాను నేను. ఇప్పటికీ సగం ఎగతాళే అనుకుంటాను. కానీ ఆ దినం నుంచి మా ఇద్దరికీ అదొక అలవాటైపోయింది. పొద్దున మాక్రో నడిపించి ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకునేది. బాణం బలసముద్రం కాడ ఆగంగానే డబ్బా మూత తీసి మా రెండు కుర్చీల మధ్య పెట్టేది. అందులో వేయించిన చెనక్కాయలు, బెల్లం ముక్క, ఒక్కోసారి బొరుగులు. వేలితో రెండు భాగాలు చేసేది. నా పక్క ఎప్పుడూ ఎక్కువే. అది కూడా నన్ను చిన్నబుచ్చేదానికే అని నా లెక్క. పెద్దమనసు చూపించేది ఎప్పుడూ ఆమె, తినేది ఎప్పుడూ నేను. కొత్తగా వచ్చినోళ్ళు ఈ కంప్యూటరు ఈడెందుకు ఆగతాదని అడిగితే, బలసముద్రంలో గొర్రెలు అడ్డమొస్తాయి అనేది.

ఆస్పత్రికి చూసేదానికి పోయినప్పుడు కళ్ళు పసుపు పచ్చగా ఉన్నాయి ఆమెకు. మాట సన్నగిల్లింది. మంచం చుట్టూ చుట్టాలు. అత్త ఆమె కాళ్ళు పిసుకుతా ఉన్నింది. నా కాళ్ళు అత్త ఎప్పుడన్నా పిసికిందా అని ఆ గదిలో కూడా నాకు అనిపించింది, ఏం చేయమంటారు. ఆమె నన్ను దగ్గరికి పిలిచి, మాక్రో నడస్తా ఉండాదా అని అడిగింది. నీది నడవకుండా ఎట్లుంటాది, నేను ఉత్తగా కూర్చోని చూస్తా ఉండాను అన్నాను.

"బలసముద్రం కాడ ఏం తింటా ఉండావు?"

ఏమీ తినడం లేదని చెప్పినాను. నువ్వు లేకపోతే ఎవరు పెడతారని అనబోయి, మింగేసినాను. ఆమె మొహం చిన్నబోయింది. "అంత సేపు ఇడిసిపెట్టింది ఉత్తగా కూర్చోడానికా మ్మే" అనింది. నర్సు వచ్చి అందరినీ బయటికి పొమ్మనింది. మళ్ళీ మాట్లాడలే మేము.

ఆమెను ఇంటికి తెచ్చిన దినం ఊరు ఊరంతా కదిలొచ్చింది. ముత్తైదువగా పోయింది, పుణ్యాత్మురాలు అని ఆడోళ్ళంతా పసుపు కుంకుమ తీసుకున్నారు ఆమె కాళ్ళ కాడ. నొసటికి పెద్ద కుంకుమ నా చేత్తోనే పెట్టినాను. మేనేజరు సారు బెంగళూరు నుంచి వచ్చిన పూలదండ వేసి, ఆమె చేసి పెట్టిన పని ఈ పొద్దు పొద్దున కూడా నడిచిందమ్మా అని మా అత్తతో చెప్పినాడు. అత్త ఇంకా గట్టిగా ఏడ్చింది. ఆ పొద్దు దాన్ని నడిపించింది నేను. ఆ సంగతి ఎవరికీ అవసరం లేకపోయింది.

ఆ తర్వాత ఆఫీసులో ఆమె కుర్చీ నా పక్కన ఖాళీగా ఉండాది, ఆస్పత్రికి పోయినప్పుడే ఆమె కంప్యూటరు నా మేజా మీదికి వచ్చింది, పని మాత్రం ఆమెదే. బాణం వచ్చి బలసముద్రం కాడ నిలబడతాది, నేను గోడ వైపు చూస్తాను. రెండు దినాలకొకసారి ఎవరో ఒకరు వచ్చి, అక్క ఉన్నట్టే ఉండాది గదా అంటారు. నేను ఉండానే ఈడ, నన్ను చూసి ఎవరూ ఏమీ అనరే.

పోయిన వారం సారు చెప్పినాడు, బెంగళూరోళ్ళు పేజీలన్నీ మారుస్తా ఉండారని. బటన్లు వేరే చోటికి పోతాయి, పాత మాక్రో ఇంక పనికి రాదు. "మీరే కొత్తగా రికార్డు చేయాలమ్మా" అన్నాడు. అబద్ధం ఎందుకు చెప్పాల, నాకు సంతోషమైంది. ఎన్నేండ్ల నుంచో కాచుకోని ఉండాను ఆ మాటకు. ఇంక నడిచేది నా చెయ్యి. యాడా ఆగదు, ఆమె దానికంటే ముందే ముగుస్తాది, బలసముద్రం కాడ గొర్రెలు అడ్డమొచ్చేది లేదు. అందరూ చూసి, ఇది చిన్నామెది అనాల. ఆ ఒక్క మాట కోసం రెండు దినాలు కొత్త పేజీల్లో చెయ్యి తిప్పుకున్నాను.

కొత్త పేజీ మూల వేరే చోట వస్తాది. నా నొసటి స్టిక్కరు తీసి ఆడ అతికించినాను. ఆమెది తీసేద్దామని గోరు పెట్టి, ఎందుకులే అని ఇడిసిపెట్టినాను. రెండూ పక్కపక్కనే, ఒకదానికొకటి తగలకుండా, మేమిద్దరం పెండ్లిళ్ళలో కూర్చునేటట్లే ఉన్నాయి.

ఎర్ర బటను నొక్కినాను. నా వేళ్ళు మళ్ళీ పరిగెత్తినాయి. సారు టైపు చేయమన్న దినం ఎట్లున్నాయో అట్లనే. తిరుమణి, వల్లూరు, అన్ని ఊర్లూ, మెయిలు, అయిపోయింది. ఆపేసినాను. సారును పిలిచినాను చూడమని. మాక్రో నడిపించి, ఆమె మాదిరే చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. బాణం దూకతా పోయింది. ఎంత బాగుండాదో చెప్పలేను, నా చెయ్యి నాకే ముద్దొచ్చింది.

బలసముద్రం పేజీ తెరుచుకున్నింది. బాణం నిలబడిపోయింది.

కంప్యూటరు పట్టేసిందేమో అనుకున్నాను ముందు. సారు కూడా వంగి చూసినాడు. అప్పుడు కీబోర్డు పక్కన చూసినాను. నా డబ్బా మూత తీసి ఉండాది. మూతలో చెనక్కాయలు, కొన్ని తిన్నవి పోను మిగిలినవి. నోట్లో ఇంకా బెల్లం తీపి ఉండాది. రికార్డు చేసేటప్పుడు బలసముద్రం కాడికి రాంగానే నా చెయ్యి మౌసు ఇడిసిపెట్టి డబ్బా తీసింది, తినింది, మళ్ళీ మౌసు పట్టుకున్నింది. నాకు తెలీనే తెలీదు. ఇంట్లో చెనక్కాయలు వేయించి డబ్బాలో పోసుకున్నది కూడా నేనే, ఏ ఆలోచనా లేకుండా.

ఒళ్ళు భగ్గుమనింది నాకు. నా చేతిలో కూడా నువ్వేనా అక్కా, ఒక్కటన్నా నాకు మిగలనీయవా అనుకున్నాను. కళ్ళల్లో నీళ్ళు నిండి తెర కనపడలే.

"ఈడ ఆగింది గదమ్మా, మళ్ళీ ఒకసారి రికార్డు చేస్తారా?" అన్నాడు సారు.

"వద్దు సార్. అది ఆడ ఆగాల."

ఆయన తన మేజా కాడికి పోయినాడు. బాణం ఇంకా బలసముద్రం కాడే నిలబడి ఉన్నింది. మూత తీసుకోని మా రెండు కుర్చీల మధ్య పెట్టినాను. ఆమె మాదిరే వేలితో చెనక్కాయలను రెండు భాగాలు చేసినాను. ఆమె పక్క కొంచెం తక్కువే పెట్టినాను.